వడ్లు మావి, సంతకం ఎవరిది?

యాసంగి_రాజు
ఈ యాసంగిలో మా ఊరి ఐకేపీ వడ్ల కొనుగోలు సెంటర్లో పన్నెండు రాత్రులు వడ్ల కుప్ప పక్కనే పడుకున్నాను. పొద్దున తేమ మిషన్ పెడితే 18.4 చూపించింది. 17 దాటితే తూకం వేయరు. ఎర్రటి ఎండలో అమ్మా నేనూ కాళ్లతో చాళ్లు తీసి తిరగేసి, మధ్యాహ్నానికి 16.9కి తెచ్చాం. అప్పటికి గన్నీ సంచులు అయిపోయాయి. సాయంత్రం మబ్బు పట్టింది. పట్టాలు కప్పి మర్నాడు మళ్లీ మొదటికొచ్చాం.

అక్కడ కూర్చున్నప్పుడు మా ఊరి రిటైర్డ్ సారు ఒక సంగతి చెప్పారు. వరి రైతుకు మన దేశం ఇచ్చే మద్దతు ప్రపంచ వాణిజ్య సంస్థ పెట్టిన పరిమితి దాటిందట. మిగతా దేశాలు లెక్కలు అడుగుతున్నాయట. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. సర్పంచ్‌కి ఓటేశాను, ఎమ్మెల్యేకి వేశాను, ఎంపీకి వేశాను. ఆ సంస్థ ఆఫీసున్న జెనీవాలో కూర్చున్నవాళ్లలో ఎవరికి వేశాను? నచ్చకపోతే దించే దారి లేనివాళ్లు నా పంటకు గీత గీస్తే దాన్ని నేనెందుకు ఒప్పుకోవాలి? అందులోంచి బయటికి వచ్చేస్తే పోదా? తెలిసినవాళ్లు చెప్పండి.

గోదావరి_గట్టు
1993లో మేం కాలేజీలో ఉండగా ఎక్కడ చూసినా గోడల మీద డంకెల్ పేరే. విత్తనం మీద హక్కు పోతుందని సైకిళ్ల మీద ఊరూరా తిరిగాం. ఆ డంకెల్ ఎవరో, గాట్ అంటే ఏమిటో మాలో సగం మందికి సరిగ్గా తెలియదు. గాట్ అంటే ప్రపంచ వాణిజ్య సంస్థకు ముందున్న ఒప్పందం, దానికి అధిపతిగా కొత్త ఒప్పందం ముసాయిదా తెచ్చింది డంకెల్. భయం మాత్రం నిజం. 1994 ఏప్రిల్‌లో మొరాకోలోని మర్రకేష్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అప్పుడు ప్రధాని మన పీవీ గారే. రాజూ, నువ్వు అడిగింది మేం ఆనాడు అడిగిందే. మాకు జవాబు రాలేదు.

లెక్కల_మాస్టారు
రాజు గారు విన్నది నిజమే, కానీ సగమే. మిగతా సగం నేను చెప్తాను.

మనలాంటి దేశం ఒక పంటకు ఇచ్చే ధర మద్దతు, ఆ పంట మొత్తం ఉత్పత్తి విలువలో 10 శాతం మించకూడదన్నది నియమం. 2018-19లో మన వరి విలువ సుమారు 4,367 కోట్ల డాలర్లు, మద్దతు సుమారు 500 కోట్ల డాలర్లు. అంటే 11.46 శాతం. మన ప్రభుత్వమే ఆ లెక్క పంపింది.

మెలిక ఎక్కడుందంటే, ఆ "మద్దతు" ఇవాళ్టి మార్కెట్ ధరతో పోల్చి కట్టింది కాదు. 1986-88 నాటి ధరతో పోల్చి కట్టింది. మా నాన్న 1987లో కొన్న సైకిల్ ధర, ఇప్పుడు మా అబ్బాయికి కొన్న సైకిల్ ధర పక్కపక్కన రాసి, తేడా అంతా షాపువాడికి నేను దానం చేశానంటే ఎలా ఉంటుందో అలా ఉంది ఇది. పైగా అమెరికా 2018లో ఇంకో లెక్క తెచ్చింది. మనం ప్రభుత్వం కొన్న వడ్లకే లెక్క కడితే, వాళ్లు పండిన పంటంతటికీ కట్టి, వరి మద్దతు 70 శాతం దాటిందన్నారు.

ఇప్పటికైతే మన మీద కేసు పడదు. 2013లో బాలిలో జరిగిన ఆ సంస్థ మంత్రుల సమావేశంలో "శాంతి నిబంధన" అని ఒకటి ఒప్పుకున్నారు, ఆహార నిల్వల కోసం పంట కొనే దేశం పరిమితి దాటినా కేసు వేయకూడదని. శాశ్వత పరిష్కారం దొరికేదాకా అది కొనసాగుతుందని 2014లో తేల్చారు. దాన్ని మొదట వాడుకున్న దేశం మనదే. ఆ శాశ్వత పరిష్కారం 2017కల్లా రావాలి. 2024లో అబుదాబి సమావేశంలో కూడా రాలేదు.

సందేహాల_సుబ్బు
మాస్టారూ, మరి అమెరికాకి కూడా ఇదే 10 శాతమా?

లెక్కల_మాస్టారు
ధనిక దేశాలకు 5 శాతమే. వినడానికి న్యాయంగానే ఉంటుంది కదా? కానీ 1995కి ముందు ఎవరు ఎక్కువ సబ్సిడీ ఇచ్చారో వాళ్లకి, కొంత తగ్గించి, అదనపు కోటా మిగిల్చారు. అమెరికాకు అది 1,910 కోట్ల డాలర్లు. ముందు నుంచీ ఇవ్వలేని దేశాలకు ఆ కోటా సున్నా. ఉన్నవాడికి ఉన్నందుకే ఇంకాస్త ఇచ్చారన్నమాట. నాకు బాగా నొప్పి కలిగించేది ఇదే.

మిల్లు_మనిషి
ఒక మాట సరిచేయాలి. రాజు గారికి గన్నీ సంచులు అందకపోవడానికీ జెనీవాకూ సంబంధం లేదు. 2021లో యాసంగి ఉప్పుడు బియ్యం తీసుకోబోమని కేంద్రం అన్నప్పుడు ఎంత గొడవైందో అందరం చూశాం. అదీ ఇక్కడి నిల్వల తగాదాయే. మద్దతు ధరను డబ్ల్యూటీఓ, అంటే ఆ ప్రపంచ వాణిజ్య సంస్థ, ఇంతవరకూ ఆపలేదు. తేమ, తరుగు, లారీ రాకపోవడం, ఇవన్నీ మన దగ్గరి పనులు. దూరాన ఉన్నవాడి మీద అన్నీ వేస్తే, దగ్గర ఉన్నవాడు జవాబు చెప్పకుండా తప్పించుకుంటాడు.

యాసంగి_రాజు
సంచుల సంగతి ఒప్పుకుంటానన్నా. రెండూ కలిపి రాయడం నాదే పొరపాటు. కానీ మాస్టారు చెప్పిన ఆ 1986 ధర చదివాక ఇంకా కోపం వచ్చింది. నేను పుట్టకముందు ధర అది.

నల్లకోటు
రాజు గారి అసలు ప్రశ్నకు వస్తాను. అధికారం ఎవరిచ్చారు?

రాజ్యాంగం ఏడో షెడ్యూల్ తీయండి. రాష్ట్ర జాబితాలో 14వ పద్దు వ్యవసాయం. కేంద్ర జాబితాలో 14వ పద్దు విదేశాలతో ఒప్పందాలు చేసుకోవడం, వాటిని అమలు చేయడం. ఒక పద్నాలుగు హైదరాబాద్, అమరావతి చేతిలో ఉంటే ఇంకో పద్నాలుగు ఢిల్లీ చేతిలో ఉంది. రెండూ తగాదా పడితే 253వ అధికరణం ఢిల్లీ వైపు నిలబడుతుంది. ఒప్పందం అమలుకైతే రాష్ట్రాల అంశం మీద కూడా పార్లమెంటు చట్టం చేయొచ్చు.

ఇంతవరకూ అర్థం చేసుకోవచ్చు. బయటి దేశంతో మాట్లాడేటప్పుడు ఇరవై ఎనిమిది గొంతులు కుదరవు. కానీ ఒప్పందం మీద సంతకానికి ముందు పార్లమెంటు ఓటు వేసి తీరాలన్న నియమం మన దగ్గర లేదు. 1994లో సభలో కేకలు వేశారు, చర్చలు జరిగాయి. అవేవీ సంతకానికి అడ్డు కాలేదు. అదే ఏడాది నవంబరు, డిసెంబరుల్లో అమెరికా కాంగ్రెస్ రెండు సభల్లోనూ ఓటింగ్ పెట్టి ఒప్పుకుంది. వాళ్ల రైతు కనీసం "మా ఎంపీ ఇలా ఓటేశాడు" అని వేలు పెట్టి చూపించగలడు. మనం చూపించలేం.

ఇంకొకటి. తెలంగాణ 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తోంది. రాష్ట్రం ఇచ్చే ధర మద్దతు కూడా డబ్ల్యూటీఓ లెక్కలో దేశం ఖాతాలోనే పడుతుంది. అంటే అసెంబ్లీలో తీసుకునే నిర్ణయం జెనీవా పుస్తకంలో నమోదవుతుంది, ఆ బల్ల దగ్గర రాష్ట్రానికి కుర్చీ మాత్రం ఉండదు. రాజు గారూ, మీ ఓటు జెనీవాకు చేరేలోపు ఢిల్లీలోనే ఆగిపోయింది. నా బాధ ముందు దాని గురించి.

సందేహాల_సుబ్బు
రెండు జాబితాల్లోనూ 14యేనా? ఇప్పుడే తీసి చూశాను, నిజమే! గ్రూప్స్ కోసం ఎన్నిసార్లు బట్టీ పట్టానో, పక్కపక్కన పెట్టి మాత్రం చూడలేదు.

గోదావరి_గట్టు
లాయరు గారు చెప్పింది బాగుంది కానీ, మరీ ఢిల్లీ మీదే వేయకండి. ప్రపంచ బ్యాంకు సంగతి మర్చిపోయారా? 90ల చివర్లో ఉమ్మడి రాష్ట్రంలో కరెంటు సంస్కరణలకు అప్పిచ్చింది వాళ్లే. ఛార్జీలు పెరిగాయి. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ఆ ఛార్జీల మీద ఆందోళన చేస్తున్నవాళ్లపై పోలీసులు కాల్పులు జరిపారు. ఆ రోజు నేను హైదరాబాద్‌లోనే ఉన్నాను. సిటీ బస్సులో కండక్టరు ఎవరినీ టికెట్ అడగలేదు, బస్సంతా నిశ్శబ్దం. అప్పుడు దిగిపోవాల్సింది ఎవరో మాకు తెలుసు, ఓటుతో అడిగాం. కానీ షరతు రాసిన చెయ్యిని అడగడానికి మాకు ఓటెక్కడిది? ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి)లో అయితే ఓటు డబ్బును బట్టే. పెద్ద నిర్ణయాలకు 85 శాతం కావాలి, అమెరికా ఒక్కదానికే 16 శాతం దాటి ఉంది. అది తల అడ్డంగా ఊపితే అక్కడితో సరి.

మిల్లు_మనిషి
అప్పు తీసుకోవాలని నిర్ణయించింది మన ప్రభుత్వమే కదా గట్టు గారూ. మెడ మీద కత్తి పెట్టలేదు.

గోదావరి_గట్టు
ఇల్లు గడవని వాడు వడ్డీ వ్యాపారి దగ్గరికి తన కాళ్లతోనే వెళ్తాడు. దాన్ని ఇష్టం అంటామా?

పత్తిచేను_లక్ష్మి
మాది వరంగల్ వైపు. వరి గురించే మాట్లాడుతున్నారు, పత్తి కథ వినండి. అమెరికా తన పత్తి రైతులకు ఇచ్చిన సబ్సిడీల వల్ల ప్రపంచ ధర పడిపోయింది. బ్రెజిల్ 2002లో కేసు వేసి గెలిచింది. అమెరికా సబ్సిడీ ఆపిందా? లేదు. 2010లో ఏటా 14 కోట్ల డాలర్ల పైన బ్రెజిల్‌కు కట్టడానికి ఒప్పుకుంది. 2014లో మరో 30 కోట్లు ఇచ్చి కేసు ముగించుకుంది. ఇదే బాధను బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి 2003లోనే ఆ సంస్థ ముందు పెట్టాయి. వాళ్లకి ఆ డబ్బులో పైసా రాలేదు. బ్రెజిల్ ఎదురు సుంకాలు వేసి అమెరికాకు నొప్పి పుట్టించగలదు, చాద్ పుట్టించలేదు. అంతే తేడా.

అక్కడ ప్రతి దేశానికీ ఒక్కటే ఓటు, అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం అంటారు. కాగితం మీద అంతకంటే సమానత్వం ఏముంటుంది? కానీ అసలు బేరం కొద్ది దేశాలను పిలిచి చిన్న గదిలో కుదుర్చుకుంటారు. ఆ గదిని "గ్రీన్ రూమ్" అంటారట. మా ఊళ్లో కూడా పంచాయితీ రచ్చబండ దగ్గర మొదలవుతుంది, తీర్పు మాత్రం ముందు రాత్రే ఎవరింట్లోనో అయిపోయి ఉంటుంది. ఆ ఇంట్లోకి మా వాడ మనిషిని ఎప్పుడూ పిలవలేదు.

యాసంగి_రాజు
లక్ష్మక్కా, ఆ చివరి మాట నాలుగుసార్లు చదివాను.

భీమవరం_చెరువు
బయటికి వచ్చేద్దాం అంటున్నారు కాబట్టి నా మాట కూడా వినండి. మాది రొయ్యల చెరువు.

2016లో యూరప్ వాళ్లు మన చెరువు రొయ్యల తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. అప్పుడు మేమూ తిట్టుకున్నాం, మాకేం ఓటుందని మా మీద రూలు పెడతారని. కానీ యాంటీబయాటిక్స్ వాడిన మాట నిజం. రూలు ఏమిటో రాసి ఉంది, ఏ మందు ఎంత ఉండకూడదో తెలుసు. కష్టపడి మార్చుకున్నాం.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్లింది. అందులో మేం మార్చుకోవాల్సింది ఏముంది? పట్టుబడికి వలలు సిద్ధం చేసుకుని గట్టు మీద నిలబడ్డాం. ఏజెంటు ఫోన్ చేసి నిన్నటి రేటు ఇవాళ లేదన్నాడు. మేత అప్పు, కరెంటు బిల్లు, లీజు అన్నీ కళ్లముందు తిరిగాయి. రెండు రోజులు ఆగుదామంటే ఏరియేటర్లు ఆపలేం, రొయ్య చచ్చిపోతుంది. ఎంతకైతే అంతకు ఇచ్చేశాం.

రూలు తప్పయితే రూలు మీద పోరాడొచ్చు రాజూ. రూలే లేనిచోట బలమున్నవాడి బుద్ధి మీద బతకాలి. అది ఇంకా కష్టం.

నల్లకోటు
చెరువు గారు పెద్ద సంగతి చెప్పారు. అలాంటి సుంకం మీద డబ్ల్యూటీఓలో గట్టిగా తీర్పు చెప్పే చోటు కూడా ఇప్పుడు లేదు. డబ్ల్యూటీఓ అప్పీలు ధర్మాసనంలో ఏడుగురు ఉండాలి. కొత్తవాళ్ల నియామకానికి అమెరికా వరుసగా అడ్డుపడటంతో 2019 డిసెంబరు నుంచి అది పనిచేయడం లేదు. అయితే మనమూ ఆ ఖాళీని వాడుకున్నాం. చెరకు, చక్కెర మద్దతు మీద బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా వేసిన కేసులో 2021లో మనకు వ్యతిరేకంగా తీర్పు వస్తే, ఎవరూ లేని ఆ ధర్మాసనానికే అప్పీలు చేశాం. తీర్పు అక్కడే ఆగింది. చెరకు రైతుకు మేలే. కానీ రేపు మనం గెలిచిన కేసును ఎదుటివాడు ఇలాగే ఆపితే ఏమంటాం?

డబ్లిన్_దుర్గ
నేను ఐర్లండ్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్నాను, పౌరసత్వం వచ్చింది. 2024 జూన్‌లో మొదటిసారి యూరోపియన్ పార్లమెంటుకు ఓటేశాను. బ్యాలెట్ కాగితం ఎంత పొడుగో! నచ్చిన వరసలో 1, 2, 3 అని నంబర్లు వేయాలి. మొత్తం 720 మందిలో ఐర్లండ్‌కు 14 మంది.

దేశాలకు పైనున్న సంస్థను జనం ఎన్నుకోవడం అసాధ్యం కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. లోపాలు లేవని కాదు. ఆ పార్లమెంటు తనంతట తాను చట్టం ప్రతిపాదించలేదు, యూనియన్ పాలన చూసే యూరోపియన్ కమిషన్ తేవాలి. 2008లో యూరోపియన్ యూనియన్ పనితీరును మార్చే లిస్బన్ ఒప్పందాన్ని ఇక్కడి జనం 53 శాతం ఓట్లతో వద్దన్నారు. 2009లో మళ్లీ ఓటింగ్ పెట్టారు, 67 శాతం సరేనన్నారు. "కావాల్సిన జవాబు వచ్చేదాకా అడుగుతారు" అని మా ఆఫీసులో పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. మధ్యలో ప్రతి దేశానికీ ఒక కమిషనర్ ఉంటాడని, పన్నులూ తటస్థ విధానమూ జోలికి రామని హామీలు తెచ్చుకున్నారు. వద్దనగలిగారు కాబట్టే అవి వచ్చాయి.

సందేహాల_సుబ్బు
మళ్లీ 14! ఈ చర్చకి ఆ అంకె పట్టుకుంది.

లెక్కల_మాస్టారు
దుర్గమ్మా, గ్రీసు సంగతి? 2015 జులై 5న 61 శాతం మంది అప్పు షరతులు వద్దని ఓటేశారు. వారం తిరిగేసరికి వాళ్ల ప్రభుత్వం కొత్త షరతులకు తలొగ్గింది. ఓటు ఉండి కూడా ఏమైంది?

డబ్లిన్_దుర్గ
ఆ గాయం ఇక్కడా చాలామందికి ఉంది మాస్టారూ, ఎందుకంటే ఐర్లండ్ కూడా 2010లో అలాంటి అప్పే తీసుకుంది. కానీ ఇంకో వైపు కూడా చూడాలి. అప్పిచ్చే దేశాల్లోనూ ఓటర్లున్నారు, మా పన్ను డబ్బు ఊరికే ఇవ్వొద్దన్నారు. రెండు ప్రజాతీర్పులు ఎదురెదురుగా నిలబడ్డాయి. తప్పు ఎక్కడంటే, ఆ రెండింటినీ కూర్చోబెట్టి వినే సభ లేదు. ఆర్థిక మంత్రులు తలుపులేసుకుని తేల్చారు. లక్ష్మి గారు చెప్పిన ముందు రాత్రి ఇల్లే అది కూడా.

డాలస్_పద్మ
ఇంతవరకూ మన మీద ఎవరో పెత్తనం చేశారనే మాట్లాడాం. మనం చేసిన పెత్తనం కూడా చెప్పాలి.

2023 జులైలో ఇండియా తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసిన రోజు ఇక్కడి మన షాపులో నేనున్నాను. సోనా మసూరి కోసం పార్కింగ్ దాకా లైను. కుటుంబానికి ఒకే బస్తా అని కాగితం అంటించారు. ఒకావిడ రెండు బస్తాలు కార్ట్‌లో వేసుకుంటే వెనకాల ఉన్న పెద్దాయన అరిచాడు. నాకు సిగ్గేసింది. మాకు పాస్తా ఉంది, బ్రెడ్ ఉంది. 2022లోనే నూకల ఎగుమతి ఆపాం, సెనెగల్ జనం నూకలన్నమే ఇష్టంగా తింటారు. లక్ష్మి గారు చెప్పిన అదే బెనిన్ మన బియ్యం బాగా కొనే దేశం. అక్కడి తల్లికి ఢిల్లీలో ఓటుందా? రాజు గారు జెనీవాను అడిగిన ప్రశ్నే ఆవిడ మనల్ని అడగొచ్చు.

మిల్లు_మనిషి
ఇక్కడ ధరలు పెరుగుతుంటే ముందు మన జనానికే పెట్టాలి కదమ్మా. ఏ ప్రభుత్వమైనా అదే చేస్తుంది.

డాలస్_పద్మ
పెట్టొద్దని నేననలేదు అన్నగారూ. ప్రపంచ బియ్యం వ్యాపారంలో సుమారు 40 శాతం మనదే. అంత చెయ్యి ఉన్నవాళ్లు తలుపు మూసేముందు అవతలివాడితో ఒక్క మాట అనాలా వద్దా? మన ఎగుమతి బియ్యంలో సర్కారు మద్దతుతో కొన్నవీ ఉన్నాయని 2024 అబుదాబిలో థాయ్‌లాండ్ ప్రతినిధి అంటే మనవాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. చెప్పాల్సిందే. కానీ థాయ్‌లాండ్‌లో కూడా రాజు లాంటి రైతే వరి పండిస్తున్నాడు.

యాసంగి_రాజు
ఈ కోణం నా బుర్రకి తట్టలేదు పద్మక్కా. నిజంగా.

మందుల_షాపు
నల్లకోటు గారి మాటకు ఒక ఉదాహరణ ఇస్తాను, మంచిది. పేటెంట్ల ఒప్పందం కూడా అదే 1994 మూటలోదే. కానీ దాన్ని అమలు చేసే చట్టం 2005లో పార్లమెంటులో గట్టి చర్చ జరిగాకే వచ్చింది. పాత మందుకు చిన్న మార్పు చేసి కొత్త పేటెంట్ అడగకుండా సెక్షన్ 3(డి) పెట్టారు. దాని మీదే 2013లో సుప్రీంకోర్టు స్విస్ మందుల కంపెనీ నోవార్టిస్ కేసు కొట్టేసింది. 2012లో కిడ్నీ, కాలేయ క్యాన్సర్ మందుకు మన హైదరాబాద్ నాట్కోకు తప్పనిసరి లైసెన్సు, అంటే పేటెంటు ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా తయారుచేసుకునే అనుమతి, ఇచ్చారు. నెలకు 2,80,000 రూపాయలు ఉన్న మందు 9,000 లోపుకు దిగింది. మా కౌంటర్ దగ్గర చీటీ చూపించి, ధర విని, ఏమీ అనకుండా చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయే మనుషులను నేను చూశాను. అందుకే ఈ అంకెలు నాకు నోటికి వచ్చు.

ఒప్పందం అదే. దాన్ని సభలో పెట్టి, అరిచి, పట్టుబట్టి రాసుకున్నచోట పేదవాడికి సందు దొరికింది. వ్యవసాయం విషయంలో మనం ఆ పని చేయలేదు.

నల్లకోటు
నేను పేజీలు రాసి చెప్పలేనిది షాపు గారు చెప్పేశారు.

మిల్లు_మనిషి
అయితే ఇప్పుడు ఏం చేద్దామంటారు? బయటికి రావడమా, లోపలుండి అడగడమా? నా ఓటు లోపలుండి అడగడానికే.

పత్తిచేను_లక్ష్మి
నాదీ అంతే. కానీ అడిగేది ఎవరో ముందు తేలాలి. బయటికి వెళ్లినప్పుడు అధికారులతో ఎగుమతిదారుల ప్రతినిధి వెళ్తాడు. కౌలు రైతు ఎప్పుడైనా వెళ్లాడా? భూమి పేరు మీద లేని ఆడమనిషి వెళ్లిందా? మద్దతు ధర పెరిగినా తక్కువే అమ్ముకునేది మేమే, మా పేరు మీద పాసు పుస్తకం ఉండదు కాబట్టి. దేశం తరఫున అడిగి తెచ్చింది దేశంలో ఎవరికి పంచుతున్నారో కూడా అడగండి.

యాసంగి_రాజు
రెండు రోజులుగా మీ మాటలన్నీ నాన్నకు చదివి వినిపించాను. ఆయన పెద్దగా చదువుకోలేదు. అంతా విని, "బయటికి రావుడు గీవుడు వద్దు గని, ఆ 1986 ధర ఎందుకు ఇంకా రాసి ఉన్నదో అడుగు" అన్నాడు.

కాబట్టి మా ఎంపీకి ఉత్తరం రాస్తున్నాను. మూడే అడుగుతున్నాను. ఆ పాత ధర మార్చమని మన దేశం ఈసారి ఏం పట్టుబడుతోంది? వ్యవసాయం మీద ఏ ఒప్పందమైనా సంతకానికి ముందు పార్లమెంటులో పెడతారా, రాష్ట్రాలను అడుగుతారా? కౌలు రైతుల మాట వినడానికి ఎక్కడ ఏర్పాటు చేశారు? మూడోది లక్ష్మక్క ప్రశ్న. మా ఊరి గ్రామసభలో చదివి సంతకాలు తీసుకున్నాక పంపుతాను. నల్లకోటు గారూ, ఒకసారి చూసి తప్పులుంటే దిద్దండి.

నల్లకోటు
పంపండి. రెండో ప్రశ్నలో 253వ అధికరణం పేరు చేర్చండి, జవాబు దాటేయడం కష్టమవుతుంది. తెలుగులోనే రాయండి.

భీమవరం_చెరువు
నాలుగోది కూడా చేర్చు రాజూ. అప్పీలు ధర్మాసనం మళ్లీ నిలబెట్టడానికి మనం ఏం చేస్తున్నాం అని. మా సంఘం తరఫున ఇక్కడా పెడతాం.

పత్తిచేను_లక్ష్మి
నాకూ ఒక కాపీ. మా వాడలో నలుగురికి సంతకం రాదు, వేలిముద్రలు పెట్టిస్తాను.